ట్యాబు వచ్చింది సరే, బిడ్డ బడిలో ఉందా?

బడిలో యంత్రం పెడితే చాలు, బీదల బిడ్డలకు చదువు దానంతటదే వస్తుందని ఏలినవారు చాలాకాలంగా చెబుతున్నారు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఆనాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు పంపారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. మన తెలుగులోనూ వచ్చాయి. కానీ ఉపగ్రహం అమెరికాది, ఏడాదికి అరువు తెచ్చుకున్నది. గడువు తీరింది, ఆ ప్రసారాలు ఆగిపోయాయి.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వాళ్ల అయ్యవార్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచారు. అందులో నింపింది బైజూస్ కంపెనీ పాఠాలు. 2024 జూలై వచ్చేసరికి ఆ కంపెనీ మీదనే దివాలా విచారణ మొదలైంది. ప్రజల బడికి పాఠం రాసే పని ప్రైవేటు కంపెనీ చేతిలో పెడితే, ఆ కంపెనీ మునిగిన రోజున పిల్లల గతేమిటి?

మాకు యంత్రం మీద పగ లేదు. గుండె ఎట్లా కొట్టుకుంటుందో, వాన ఎట్లా కురుస్తుందో తెర మీద చూస్తే కూలివాళ్ల బిడ్డకు చప్పున అర్థమవుతుంది. నెట్ అక్కర లేకుండా ట్యాబులోనే పాఠం నింపి ఇవ్వడమూ మంచి పనే. అయితే అయ్యవారు బొమ్మను ఆపి, ప్రశ్న అడిగి, అర్థం కానివాళ్లకు మళ్లీ చూపిస్తేనే అది పాఠం. ఆయన పొద్దు కాస్తా భోజనం ఫొటోలు యాప్‌లో ఎక్కించడానికే సరిపోతే ఇక చెప్పేదెవరు?

అసలు సంగతి వేరే ఉంది. కర్నూలు జిల్లా పడమటి మండలాలు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు వచ్చి చూడండి. వాన మోసం చేసిన ఏడు, దసరా దాటితే సుగ్గి మొదలవుతుంది. గుంటూరు వైపు పత్తి తీయను, మిరపకాయలు కోయను సంసారాలకు సంసారాలే బండెక్కుతాయి. పత్తికి కిలోల లెక్కన కూలి. తల్లి చేనిలో ఉంటే చంటిబిడ్డను చూసేది పదేళ్ల పిల్ల. ఇక్కడ తరగతిలో తెర వెలుగుతుంటుంది, ఆ పిల్ల అక్కడ చేని గట్టున ఉంటుంది.

పాఠం వాట్సాప్‌లో పంపుతామంటారు. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు అదీ చూశాం. ఇంటికి ఒక సెల్లు, అది తండ్రి జేబులో, తండ్రి పనిలో. నెల రీచార్జి అంటే దగ్గర దగ్గర ఒక దినం కూలి. కడప పల్లెల్లో కువైట్ పోయినవాళ్ల ఇండ్లలో మంచి ఫోన్లే ఉన్నాయి. అయినా గ్రూపులో వచ్చిన మాట చదివి మనవడికి చెప్పడానికి అవ్వకు అక్షరం రాదు.

కాబట్టి మేము అడిగేది ఇదీ. మేస్త్రి అడ్వాన్సు చేతిలో పెట్టకముందే సీజనల్ హాస్టళ్లు తెరవాలి. సుగ్గి నెలల్లో ఊళ్లోనే పని చూపి, కూలి ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. పాఠాలు ప్రభుత్వ ఉపాధ్యాయులే తయారు చేయాలి. చెడిపోయిన ట్యాబు ఖర్చు తల్లిదండ్రుల నెత్తిన వేయరాదు. వాట్సాప్‌లో పెట్టే ప్రతి కబురూ బడి గోడ మీద రాయాలి, ఊళ్లో దండోరా వేయించాలి.

అన్నలారా, అక్కలారా! ఆరు నుంచి పద్నాలుగేండ్ల బిడ్డకు చదువు హక్కని 2009లో చట్టమే చేశారు. ఈసారి సుగ్గి బండి ఎక్కకముందే ప్రతి ఊళ్లో సంఘం కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, పోయే సంసారాల పిల్లల పేర్లు రాయాలి. ఆ జాబితాతో పదిమందీ కలిసి మండల విద్యాధికారి దగ్గరికి పోవాలి. హాస్టలు ఎప్పుడు తెరుస్తారో కాగితం మీద రాసిచ్చేదాకా కదలకూడదు.