సీటు వచ్చింది, తోడేదీ?

హీమన్ స్వెట్ టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో పోస్ట్‌మన్. 1946 ఫిబ్రవరిలో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ లా స్కూల్లో సీటుకు దరఖాస్తు పెట్టాడు. అర్హతలన్నీ ఉన్నా, నల్లజాతివాడు కనుక కుదరదన్నారు. అతను కోర్టుకెక్కడంతో రాష్ట్ర ప్రభుత్వం నల్లవారికి వేరే లా స్కూలంటూ ఒక భవనం బేస్‌మెంట్‌లో హడావుడిగా గదులు చూపించింది. తెల్లవారి స్కూల్లో 850 మంది విద్యార్థులు, 65 వేలకు పైగా పుస్తకాలు. ఇక్కడ సొంత అధ్యాపకులే లేరు. తెప్పిస్తామన్న పది వేల పుస్తకాల్లో వచ్చినవి కొద్దే.

1950 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అతనికి సీటు ఇప్పించింది. ఆ తీర్పులో పుస్తకాల లెక్క కన్నా విలువైన మాట ఇంకొకటి ఉంది. రాష్ట్ర జనాభాలో 85 శాతం మందికి, అంటే రేపు ఎదురయ్యే లాయర్లు, సాక్షులు, జ్యూరీ సభ్యులు, జడ్జీల్లో అత్యధికులకు, దూరంగా కూర్చోబెట్టి వకీలును తయారు చేయలేరని కోర్టు తేల్చింది. న్యాయవిద్య మనుషుల మధ్య అబ్బేదని అంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు?

స్వెట్ ఆ శరత్కాలంలోనే చేరాడు. కానీ ఏళ్ల తరబడి సాగిన కేసు అతన్ని అప్పటికే పిండేసింది. ఆరోగ్యం చెడింది, కాపురం చెదిరింది. 1952లో పట్టా లేకుండానే వెళ్లిపోయాడు. తర్వాత సోషల్ వర్క్ చదివి, తన జనం కోసమే పనిచేశాడు. దేశమంతా పేరు వినిపించిన ఆ మనిషికి క్లాసులో అండగా నిలిచే సంఘమంటూ ఒకటి లేదు.

ఆ లోటు తీర్చే పని 1968లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ లా స్కూల్లో మొదలైంది. ఏ.జె. కూపర్ అనే విద్యార్థి నల్లజాతి న్యాయ విద్యార్థుల సంఘాన్ని స్థాపించాడు. కొన్నేళ్లకే అతను అలబామాలోని ప్రిచార్డ్‌కు మేయరయ్యాడు. ఇప్పుడు ఆ సంఘం శాఖలు దేశమంతటా ఉన్నాయి, ఏటా సదస్సులు జరుపుతాయి. పరీక్షలు నెత్తిమీద ఉండగానే హాలు మాట్లాడేదీ, వక్తలను పిలిచేదీ, చందాలు పోగేసేదీ విద్యార్థులే. పోలీసు కాల్పులు, బెయిలు డబ్బు లేక జైల్లో మగ్గే పేదలు, ఓటు హక్కు, ఇళ్ల అద్దెల్లో వివక్ష: సిలబస్‌లో ఒక మూలన ఉండే ఈ విషయాలు అక్కడ వేదికెక్కుతాయి. మొదటి ఏడాది చదివే అమ్మాయి తనలాంటి జడ్జిని దగ్గరగా చూసి, మాట కలిపేది కూడా అక్కడే. పెద్ద లా సంస్థల స్పాన్సర్‌షిప్ పెరిగేకొద్దీ ఇవి ఉద్యోగ మేళాలుగా మారే ప్రమాదం లేకపోలేదు. అయినా అప్పులు చేసి చదివే పిల్లలు ఉద్యోగం వెతుక్కోవడాన్ని తప్పుపట్టలేను.

'కలిసి చదువుతున్నాక వేరే సంఘాలెందుకు?' అని అడిగేవారు అంకెలు చూడాలి. జనాభాలో నల్లవారు సుమారు 13 శాతం, లాయర్లలో 5 శాతమే. ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదని 2023లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాది హార్వర్డ్ లా స్కూల్ మొదటి సంవత్సరంలో నల్లజాతి విద్యార్థులు 19 మందే, అంతకుముందు ఏడాది 43 మంది. ఆ ఏడాది సదస్సు అవసరం పెరిగింది, దాన్ని మోసే చేతులు తగ్గాయి.

ఈ కథ మనకు పరాయిది కాదు. స్వెట్ దరఖాస్తు పెట్టిన 1946లోనే అంబేడ్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయ్స్‌కి ఉత్తరం రాశారు. నల్లవారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు, డుబోయ్స్ బదులిచ్చారు. ఇక మన కుటుంబాలు పెద్ద సంఖ్యలో అమెరికా చేరడానికి దారి తీసిన 1965 వలస చట్టం పుట్టింది నల్లవారి పౌరహక్కుల పోరాటం తెచ్చిన వేడిలోనే. స్వెట్‌ను వద్దన్న ఆస్టిన్‌లోని అదే విశ్వవిద్యాలయంలో నేడు తెలుగు పిల్లలు చదువుతున్నారు. అతని కేసు మొదట విచారించిన అక్కడి కౌంటీ కోర్టు భవనానికి 2005లో అతని పేరే పెట్టారు. అలాంటి సదస్సు హాల్లో వెనక వరుసలోనైనా మన పిల్లలు కూర్చుంటే బాగుండునని నా ఆశ.