విత్తనపు వడ్లు

వరుసగా ఓడుచున్న జట్టును నిలువబెట్టుటకు పేరుమోసిన ఫార్వర్డు నొకని దెచ్చిన చాలునని మన విద్యార్థులలో పలువురు వాదింతురు. ఆ వాదము వినుట కింపుగనే యుండును. అయినను నా అభిప్రాయము వేరు. దానిని కెనడా దేశపు ఉదాహరణమొకటి చూపి విశదపరచెదను.

మంచుపై నాడు హాకీకి పేరొందిన నేషనల్ హాకీ లీగులో ఒక నియమము కలదు. ఏటేట క్రొత్తగా వచ్చు యువకులను జట్లు వంతులవారీగా ఎన్నుకొనును. మిక్కిలిగా ఓడిన జట్లకు సాధారణముగా ముందు వంతులు లభించును. కావున బలహీనమైన జట్టునకు ఆ వంతులే మూలధనము. అవి రైతు గాదెలోని విత్తనపు వడ్లవంటివి.

టొరాంటో నగరపు మేపుల్ లీఫ్స్ జట్టు 1967లో స్టాన్లీ కప్పును గెలిచిన పిమ్మట నలువది యేండ్లు గడచినను మరల దాని నందుకొనలేదు. ఆ కొరత తీర్చుకొనగోరి 2009 సెప్టెంబరులో బోస్టన్ బ్రూయిన్స్ జట్టునుండి ఫిల్ కెసెల్ అను ఫార్వర్డును దెచ్చుకొనెను. అంతకు ముందటి సీజనులో అతడు 36 గోలులు చేసియుండెను. అతనికి మారుగా 2010, 2011 సంవత్సరముల మొదటి విడత వంతులను, 2010 నాటి రెండవ విడత వంతును ఇచ్చివేసిరి.

ఫలితమేమి? ఆ సీజనున టొరాంటో 30 జట్లలో 29వ స్థానమున నిలిచెను. అందుచే లభించిన రెండవ వంతు బోస్టన్‌కు జెందెను. దానితో వారు టైలర్ సెగిన్‌ను, మరుసటి యేట తొమ్మిదవ వంతుతో డగీ హామిల్టన్‌ను ఎన్నుకొనిరి. 2011లో బోస్టన్ స్టాన్లీ కప్పు గెలిచెను. సెగిన్ ఆ జట్టులో నుండెను.

ఇందు కెసెల్ దోషమేమియు లేదు. టొరాంటోలో ఆరు సీజనులలో అతడు 181 గోలులు చేసెను. అయినను ఆ కాలమున జట్టు తుదిపోటీలకు ఒక్క 2013లో మాత్రమే చేరగలిగెను. 60 నిమిషముల ఆటలో మేటి ఫార్వర్డు సైతము మంచుపై నుండునది సుమారు 20 నిమిషములే. తక్కిన కాలమున ఆటను నిలుపవలసినవారు ఇతరులు. 2015లో అతడు పిట్స్‌బర్గ్ జట్టులో జేరి, 2016, 2017 సంవత్సరములలో స్టాన్లీ కప్పు నందుకొనెను. అచ్చట సిడ్నీ క్రాస్బీ, యెవ్‌గేనీ మాల్కిన్ వంటివారు ముందే కలరు.

అప్పటికి కెసెల్‌కు 22 ఏండ్లైనను నిండలేదు గదా, అతడును విత్తనమే గదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ మాట నిజమే. ఎన్నుకొన్న యువకులందరు రాణింతురను నమ్మకమును లేదు. సెగిన్‌ను బోస్టన్‌వారే 2013లో మరియొక జట్టునకు మార్చిరి. కాని తన స్థానమెంత దిగజారునో యెరుగక వంతులను ముందుగనే ధారపోయుట గాదె తలుపు తెరచియుంచి ఊరికి పోవుటవంటిది.

కావున నా తీర్పిది. జట్టునకు గోలుకీపరు, డిఫెండర్లు, తోడి ఫార్వర్డులు సమకూడిన పిమ్మట ప్రసిద్ధుని రప్పించుట వివేకము. అంతకు ముందు రప్పించుట ఆతురత. పైరు పండకమునుపే ఆకలికి తాళలేక విత్తనపు వడ్లు దంచుకొనినవాడు ఆ పూట కడుపునిండ తినును. తొలకరి వచ్చినపుడు వట్టిచేతులతో పొలము గట్టున నిలుచును.

విద్యార్థులారా! మీ జట్టులో వెనుకబడిన బాలుని చూచి విసుగుకొనకుడు. వచ్చు సంవత్సరపు పంట అతనియందే యుండవచ్చును.