ట్రాక్టర్ ముక్కు మూసుకుపోతే.. జేబుకు చిల్లే!

ముంగారులో ఒక మంచి వాన పడిందనుకోండి. తెల్లారేసరికి ఊళ్లో ఉన్న నాలుగు ట్రాక్టర్ల చుట్టూ నలభై మంది చేరతారు. ముందు నా చేనికి రావాలంటే నా చేనికని పోట్లాట. మన అనంతపురం ఎర్ర నేలల్లో పదును నిలిచేది మూడు నాలుగు రోజులే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక బండి షెడ్డుకు పోయి కూర్చుంటుంది. ఏమైందయ్యా అంటే, 'ఇంజను బోరుకొచ్చింది' అంటారు.

పాత బండి, వయసైపోయింది, బోరుకు రాక ఏం చేస్తుంది అని సర్దుకుంటాం. నేను ఒప్పుకోను. వయసుతో వచ్చే అరుగుదల వేరు, దుమ్ము తినిపించి మనం తెచ్చుకునే అరుగుదల వేరు. ఈ రెండోది కొత్త రోగం కాదు. ప్రతి మెకానిక్కుకూ తెలుసు, ప్రతి కంపెనీ పుస్తకంలోనూ రాసి ఉంది. తెలిసి తెలిసి దీనికి డబ్బు కడుతున్నాం, నా బాధ అదే.

ఒక్క లెక్క చూడండి. లీటరు డీజిలు కాలాలంటే తక్కువలో తక్కువ 10 వేల లీటర్ల గాలి కావాలి. గంటకు నాలుగు లీటర్లు తాగే బండి గంటకు 40 వేల లీటర్ల గాలి పీలుస్తుందన్న మాట. ఎండిన చేలో రోటవేటర్ తిరుగుతున్నప్పుడు, చెనిక్కాయ నూర్పిడి మిషన్ పక్కన నిలబెట్టినప్పుడు ఆ గాలి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? మన దుమ్ములో ఉండేది సన్నటి ఇసుక. అది ఇంజను ఇనుము కన్నా గట్టిది. పిస్టన్ రింగుకూ స్లీవుకూ మధ్య చేరిందంటే ఆకురాయి పెట్టి రుద్దినట్టే. అక్కడి నుంచి ఆయిల్‌లోకి దిగి బేరింగులనూ తినేస్తుంది.

దీన్ని ఆపడానికి బండికి ఉన్న ముక్కు ఒక్కటే, ఎయిర్ క్లీనర్. పాత మహీంద్రా 275, మాసీ 1035 లాంటి బండ్లలో ఎక్కువగా ఉండేది ఆయిల్ గిన్నె రకం. గాలి నడిమి గొట్టంలో కిందికి దిగి, గిన్నెలోని ఆయిల్‌ను తాకి, వెనక్కు తిరిగి పైకి పోతుంది. బరువైన దుమ్ము ఆయిల్‌లో పడిపోతుంది. మిగిలిన సన్నదుమ్ము పైనున్న తడి జాలికి అంటుకుంటుంది. చాలా తెలివైన ఏర్పాటు. కాకపోతే గిన్నెలో ఆయిల్ ఉండాలి, అది ఆయిల్‌లాగా ఉండాలి.

మా పక్క ఊళ్లో ఒక రైతు ఉన్నాడు. మూడెకరాల ఆసామి. చీటీ పాడి, ఆవులమ్మి సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొన్నాడు. బాడుగకు తోలి రెండేళ్లలో అప్పు తీర్చాలని అనుకున్నాడు. రెండో ఏడు నూర్పిళ్ల కాలంలో బండి నీలి పొగ కక్కడం మొదలుపెట్టింది. నాలుగు రోజులకోసారి ఆయిల్ పోయాల్సొచ్చింది. పొద్దున్నే స్టార్ట్ కాదు, బ్రీదర్ నుంచి కుంపటి పొగ. నేను చూడబోయి ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పమన్నాను. ఆయిల్ లేదు. అడుగున ఇటుక మట్టిలా గడ్డకట్టిన మడ్డి ఉంది. 'ఇంజను ఆయిల్ మారుస్తూనే ఉన్నాను కదన్నా, దీంట్లో కూడా మార్చాలా?' అన్నాడు. అమ్మినోడు చెప్పలేదు, కొన్నోడు అడగలేదు. స్లీవులు, పిస్టన్లు, రింగులు మార్చడానికి ఆ ఏటి చెనిక్కాయ డబ్బంతా పోయింది. ఆ గిన్నెలో పట్టేది లీటరుకు అటూ ఇటూ ఆయిల్!

చేయాల్సింది కష్టమేం కాదు. దుక్కి, నూర్పిళ్ల రోజుల్లో రోజూ పొద్దున స్టార్ట్ చేయకముందే గిన్నె విప్పి చూడండి. రాత్రంతా ఆగి ఉంటుంది కాబట్టి జాలిలోని ఆయిల్ కిందికి దిగి మట్టం సరిగ్గా తెలుస్తుంది. ఆయిల్ చిక్కబడినా, అడుగున అర అంగుళం మడ్డి పేరుకున్నా పారబోసి, గిన్నెను డీజిలుతో కడిగి, కొత్త ఆయిల్ గీత వరకే పోయండి. గీత దాటితే మంచిదనుకునేరు. ఎక్కువైన ఆయిల్‌ను ఇంజను పీల్చేస్తుంది. ఒక్కోసారి ఆ ఆయిల్‌తోనే మండి, డీజిలు ఆపినా ఆగకుండా పరుగెడుతుంది. ఇంజనులోంచి దించిన నల్ల ఆయిల్‌ను ఇందులో పోసే అలవాటు చాలామందికి ఉంది. నేను వద్దంటాను. దుమ్ము ఆపడానికి పోసేది అప్పటికే మసితో నిండిన ఆయిలా? పైన జాలిని ఎవరూ ముట్టుకోరు. దాన్ని కూడా అప్పుడప్పుడు మొత్తం దించి, డీజిలులో జాడించి, బాగా కారిపోయాక బిగించాలి.

ఇక నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ చెడుపు చేసేది రబ్బరు గొట్టం. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజనుకు పోయే ఆ గొట్టం ఎండకు పగులుతుంది, క్లిప్పులు వదులవుతాయి. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నడిపించేస్తారు. ముందు ఎంత వడగట్టి ఏం లాభం, దుమ్ము దొడ్డిదారిన పోతుంటే? గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తుడవండి. వేలికి దుమ్ము అంటిందా, ఆ రోజు బండి తీయొద్దు. గొట్టం మార్చాకే తీయండి.

కొత్త బండ్లలోని కాగితం ఫిల్టరుది ఇంకో కథ. దాన్ని టైరుకేసి కొట్టడం మానాలి. కాగితం చిరిగితే చిల్లు కంటికి కనపడదు. నూర్పిడి దగ్గర మాత్రం ఏ బండైనా సరే, పొట్టు ఎగిరే వైపు నిలపకుండా గాలికి ఎదురుగా ఉండేట్టు మిషన్‌ను సర్దుకోండి.

ఇదంతా ఎవరి పని? ఓనరేమో డ్రైవరు చూసుకుంటాడంటాడు. డ్రైవరుకు గంటల లెక్కన, ఎకరాల లెక్కన కూలి. గిన్నె కడిగే అరగంటకు అతనికి ఎవరూ పైసా ఇవ్వరు. అలాంటప్పుడు అతన్ని తిట్టి లాభం లేదు. ఆ అరగంటను కూడా కూలిలో కలపండి. లేదా గిన్నె మీరే విప్పండి, బండి మీది కదా.

అధికారులకూ ఒక మాట. మన జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా కేంద్రం ఉంది. అక్కడ నేర్పుతారు, కాదనను. కానీ రెండెకరాలోడు, కూలికి పోయే డ్రైవరు పని మానుకుని రోజుల తరబడి అక్కడుండలేరు. ముంగారుకు ముందు ఒక్కో మండలంలో ఒక్క పూట చాలు. ఒక పాత ట్రాక్టర్ తెచ్చి, గిన్నె విప్పి, గొట్టంలో వేలు పెట్టించి చూపండి. యంత్రాలకు సబ్సిడీలు ఇచ్చే చేత్తో ఈ పని చేయడానికి పెద్ద ఖర్చేం కాదు.

ట్రాక్టర్ లేని రైతు కూడా ఇది తనకెందుకు అనుకోవద్దు. మీ చేనికి వచ్చే బండి పదునులో ఆగిపోతే విత్తనం సంచిలోనే ఉండేది మీకే. బాడుగ మాట్లాడుకునేటప్పుడు డ్రైవర్ని అడగండి: 'ఏం తమ్ముడూ, గిన్నెలో ఆయిల్ ఎప్పుడు మార్చినావు?'