ఆరోగ్య శీర్షిక: పురిటిబిడ్డకు పచ్చకామెర్లు

పోయిన నెల సంచిక చూసిన తల్లులు కొందరు ఒకే ప్రశ్న వేశారు. "ఆస్పత్రిలో బిడ్డ బాగానే ఉందన్నారు. ఇంటికొచ్చాక ఒళ్ళు పచ్చబడింది. మరి ఆస్పత్రివాళ్ళు చూడలేదా?" అని. చూసే ఉంటారు. కాని అప్పటికింకా పసుపు పైకి తేలి ఉండదు. ఎందుకు తేలదో తెలిస్తే, ఇంటి దగ్గర మనం ఏమేం కనిపెట్టి ఉండాలో కూడా తెలుస్తుంది.

కడుపులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ ఊపిరితిత్తులు, కాలేయం చేయవలసిన పనులు చాలావరకు మాయ ద్వారా తల్లి శరీరమే చేసిపెడుతుంది. బొడ్డు కోయగానే ఆ సాయం ఆగిపోతుంది. ఊపిరితిత్తులు నిమిషాల మీద తమ పని అందుకుంటాయి. కాలేయానికి మాత్రం రోజులు పడుతుంది. మామూలు కామెర్లు ఆ ఆలస్యం వల్ల వచ్చేవే.

గర్భంలో ప్రాణవాయువు తక్కువగా అందుతుంది కనుక బిడ్డ రక్తంలో ఎర్రకణాలు ఎక్కువ. గాలి పీల్చడం మొదలయ్యాక అన్ని అక్కర్లేదు. పైగా పెద్దవాళ్ళ ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే, పసివాళ్ళది 70 నుంచి 90 రోజులే. ఆ కణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. దాన్ని నీటిలో కరిగేట్టు మార్చి పైత్యరసంతో పేగులోకి పంపడం కాలేయం పని. అందుకు కావలసిన ఎంజైము పుట్టిన కొత్తలో చాలా తక్కువ. అంచేత బిలిరుబిన్ రక్తంలో పోగుపడి, సాధారణంగా మూడో రోజుకూ అయిదో రోజుకూ మధ్య బాగా పెరిగి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సగానికి పైగా కొద్దో గొప్పో పచ్చబడతారు. వాళ్ళలో చాలామందికి ఏ హానీ జరగదు.

చిక్కల్లా ఒక్కటే. ఈ అమెరికాలో మామూలు కాన్పయితే రెండు రోజులకే ఇంటికి పంపిస్తారు. కామెర్లు పెరిగే రోజుల్లో బిడ్డ డాక్టరు కళ్ళముందు కాక మన కళ్ళముందు ఉంటుంది. బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడులోకి చేరి చెవుడు, కాళ్ళూచేతులు స్వాధీనంలో లేకపోవడం వంటి నష్టం చేస్తుంది. ఆ నష్టం పూడేది కాదు. ముందే పట్టుకుంటే సాధారణంగా ఒకటి రెండు రోజులు నీలి దీపం కింద పడుకోబెడితే సరిపోతుంది. కనుక ఆస్పత్రి నుంచి బయలుదేరేటప్పుడే "బిలిరుబిన్ ఎంత ఉంది? మళ్ళీ ఎప్పుడు చూపించాలి?" అని అడగండి. చుట్టాలు వస్తున్నా, మంచు పడుతున్నా ఆ రోజు తప్పించకండి.

మన పిల్లల చాయలో పసుపు సులువుగా కనబడదు. పగటి వెలుగులో కంటి తెల్లగుడ్డూ, చిగుళ్ళూ చూడండి. అనుమానం ఉంటే కొలత డాక్టరే తీయాలి. కంటి అంచనా చాలదు. మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, బిడ్డ పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, ఏడుపు కీచుగా మారినా, ఒళ్ళు వెనక్కి విల్లులా వంచినా తెల్లవారేదాకా ఆగవద్దు. రెండు వారాలు దాటినా పసుపు తగ్గకపోతే మళ్ళీ చూపించండి. దాంతోపాటు విరేచనం సున్నంలా తెల్లగా ఉంటే పైత్యనాళాలు మూసుకుపోయాయేమో వెంటనే చూడాలి. ఆ జబ్బులో ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మేలు.

ఇక పురిటికి సాయం వచ్చిన అమ్మమ్మలూ నాయనమ్మలూ చెప్పే మాటలు మూడు.

ఒకటి, ఎండ చూపించడం. ఇందులో నిజం లేకపోలేదు. 1950లలో ఇంగ్లండులో ఎసెక్స్‌లోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు, ఎండ తగిలిన చోట బిడ్డ ఒంటి పసుపు విరగడం గమనించింది. అక్కడి డాక్టర్ క్రీమర్ బృందం 1958లో దీపాల చికిత్సను ప్రకటించింది. అయితే ఎండకు కొలత లేదు. లేత చర్మం కమలవచ్చు, బట్టలు విప్పితే బిడ్డ చల్లబడవచ్చు. దీపం వేయవలసిన బిడ్డకు ఎండ బదులు కాదు.

రెండు, ముర్రుపాలు పారబోసి పంచదార నీళ్ళో తేనో నాకించడం. బిలిరుబిన్ బయటికి పోయే దారి విరేచనమే. తొలి నల్లటి విరేచనం పేగులో నిలిచిపోతే అందులోని పసుపు తిరిగి రక్తంలోకి ఎక్కుతుంది. దాన్ని కదిలించేవి ముర్రుపాలు. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలివ్వండి. తేనె ఏడాది నిండేదాకా అసలు వద్దు.

మూడు, పాత మెత్తటి బట్టలు తొడగడం. ఆచారం మంచిదే, కాని ఆ బట్టలు ఇండియా నుంచి పెట్టెలో కలరా ఉండల మధ్య వస్తాయి. జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఆ ఉండల వాసన తగిలినా ఎర్రకణాలు ఒక్కసారిగా విరిగి కామెర్లు ముంచుకొస్తాయి. ఈ లోపం తల్లి వైపు నుంచి ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది, మనవాళ్ళలోనూ ఉంది. కలరా ఉండల పెట్టెలోని బట్టలు పసిబిడ్డకు వద్దు. అమ్మగారు విమానం ఎక్కకముందే ఈ సంగతి రాయండి.

వచ్చే సంచికలో పసిపిల్లల టీకాల గురించి ముచ్చటిద్దాం.