తెర నర్తకి మాట వినాలి

ఈమధ్య కూచిపూడి కార్యక్రమానికి వెళ్తే చాలాచోట్ల నర్తకి వెనక ఎల్‌ఈడీ గోడ ఒకటి ఉంటోంది. శివుడి పాటకు కైలాసం, కృష్ణుడి పాటకు యమున, ఆ యమునలో చేపలు కూడా. నర్తకి చేతులతో ఏరు చూపించేలోపే వెనక నీళ్లు పారుతుంటాయి. ఇక ఆమె చూపించడానికి మిగిలిందేమిటి? పైగా ఆ వెలుగు ధాటికి ముందున్న మనిషి ముఖం నల్లబడిపోతుంది. కళ్లు కనబడని అభినయాన్ని మనమే ఊహించుకోవాలి. వీడియో నిడివి వీడియోది. చరణం బాగా కుదిరింది, ఇంకోసారి తిప్పుదామని గాయకుడికి అనిపించినా వెనక కైలాసం అయిపోతుందేమోనని జంకుతాడు.

రంగస్థలం మీద కనికట్టు తప్పని నేననను. సురభి నాటకాల్లో మాయలు చూసి చప్పట్లు కొట్టినవాళ్లం మనం. కానీ అక్కడ తాడు లాగేవాడు పక్కనే నిలబడి నటుణ్ణే చూస్తుంటాడు. నటుడు ఒక్క క్షణం ఆగితే తాడూ ఆగుతుంది. ఎల్‌ఈడీ గోడకు లేనిది ఆ చూపే.

ఆ చూపును కెమెరాతో తెచ్చినవాళ్లున్నారు. 2006లో మెల్‌బోర్న్‌లోని చంకీ మూవ్ అనే నృత్య బృందం ‘గ్లో’ అనే ప్రదర్శన తయారుచేసింది. నృత్య రచన గిడియన్ ఒబర్జానెక్‌ది, సాంకేతిక రచన జర్మనీకి చెందిన ఫ్రీడర్ వైస్‌ది. అరగంట లోపే అయిపోయే ఏకపాత్ర నృత్యం. నేలే తెర. ప్రేక్షకులు చుట్టూ కూర్చుని కిందికి చూస్తారు. పైనుంచి కెమెరా నర్తకి ఆకారాన్ని పట్టుకుంటుంది, కంప్యూటర్ దానికి తగ్గ బొమ్మను అప్పటికప్పుడు గీస్తుంది, ప్రొజెక్టర్ దాన్ని ఆమె మీదా ఆమె చుట్టూ వేస్తుంది. ఆమె కదిలితేనే గీత కదులుతుంది. ముందే తీసిపెట్టుకున్న వీడియోతో పనిలేదు.

వినడానికి సులువే గానీ ఇందులో ఒక చిక్కుంది. ప్రొజెక్టర్ వేసిన బొమ్మ కెమెరాకూ కనిపిస్తుంది కదా! కంప్యూటర్ తను గీసిన గీతనే నర్తకి చెయ్యి అనుకుని దాని చుట్టూ మరో గీత గీస్తుంది, దాని చుట్టూ ఇంకొకటి. దీనికి విరుగుడు పరారుణ కాంతి. 1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటి ఏ రంగూ లేనిచోట థర్మామీటర్ పెడితే పాదరసం పైకెక్కింది. ఆ కనబడని కాంతే ఇది. కెమెరాలోని సిలికాన్‌కు మాత్రం కనబడుతుంది. టీవీ రిమోట్ బటన్ నొక్కుతూ దాని మూతిని ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి, చాలా ఫోన్లలో మిణుకుమంటుంది. వేదిక మీద అలాంటి దీపాలు వెలిగించి, మామూలు వెలుగును ఆపేసే ఫిల్టర్‌ను కెమెరాకు తొడిగితే చాలు. ప్రొజెక్టర్ ఎన్ని రంగులు కుమ్మరించినా కెమెరా వాటిని పట్టించుకోదు, నర్తకినే చూస్తుంది.

అయితే దీని పేచీలు దీనికున్నాయి. పాత హాలోజన్ దీపాలు వెలుగు కంటే పరారుణాన్నే ఎక్కువ చిమ్ముతాయి, అవి వెలిగితే కెమెరాకు కళ్లు బైర్లు కమ్ముతాయి. ఆరుబయట వేదికైతే పొద్దుగుంకేదాకా ఆగాలి. మన కంటికి కారునలుపుగా ఉన్న బట్ట కొన్నిసార్లు ఈ కెమెరాకు తెల్లగా కనబడుతుంది.

అసలు గండం వేగం దగ్గర. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక్కో ఫ్రేముకే 33 మిల్లీసెకన్లు. కంప్యూటర్, ప్రొజెక్టర్ తమ వంతు ఆలస్యం కలిపితే సెకనులో పదో వంతు పోవడం ఎంతసేపు? మూడో కాలంలో సెకనుకు ఎనిమిది జతి అక్షరాలు పడుతున్నాయనుకోండి. ‘తకిట’లో ‘త’కు వెలగాల్సింది ఇంచుమించు ‘కి’ మీద వెలుగుతుంది. తాళం తెలిసిన ప్రేక్షకుడికి అది మృదంగం తప్పినట్టే ఉంటుంది. అందుకే పని తెలిసినవాళ్లు ఆ ఆలస్యాన్ని దాచడానికి తంటాలు పడరు, అదే అందమయ్యేలా బొమ్మను ఎంచుకుంటారు: వెంటపడి వచ్చే నీడ, మనిషి ఆగాక కూడా కాసేపు సద్దుమణగని ధూళి. జతులకు ఈ విద్య జోడించవద్దని నా అభిప్రాయం.

మరి మన నృత్యంలో ఎక్కడ పనికొస్తుందంటే నాకు తట్టేది సింహనందిని. సి.ఆర్. ఆచార్యులు తిరిగి వెలుగులోకి తెచ్చిన ఈ అంశంలో నర్తకి 128 అక్షరాల సింహనందన తాళానికి అడుగులు వేస్తూ, రంగుపొడి మీద పరిచిన బట్టపై పాదాలతోనే సింహాన్ని గీస్తుంది. హాల్లో కూర్చున్నవాళ్లకు చివర్లో బట్ట ఎత్తి చూపేదాకా ఏమీ తెలియదు. పైన కెమెరా పెట్టి ఆ బొమ్మను పెద్ద తెర మీద చూపిద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి వద్దు. ఆ ఉత్కంఠ పోతే ఆ అంశమే పోయినట్టు. అడుగు పడినచోట ఒక వెలుగు చార పుట్టి, మెల్లగా ఆరిపోతే సరిపోతుంది. పాదాల నడక అందరికీ తెలుస్తుంది, సింహం మాత్రం ఆఖరిదాకా దాగే ఉంటుంది. ఆరిపోయే చారకు కొంత ఆలస్యమైనా నష్టం లేదు.

కెమెరా, దీపాలు, ప్రొజెక్టర్ ఇవాళ దొరకని వస్తువులేమీ కావు. ఇలాంటి పనికి వాడే ఐసడోరా అనే సాఫ్ట్‌వేర్‌నైతే ఒక నృత్య బృందపు సంగీతకారుడు మార్క్ కొనిగ్లియో తమ ప్రదర్శనల కోసమే రాసుకున్నాడు. ఇప్పుడది అందరికీ అందుబాటులో ఉంది. దొరకనిదల్లా హాలు. కెమెరా చూసే చోటును, ప్రొజెక్టర్ వేసే చోటును అక్కడికక్కడే కొలిచి కలపాలి. మన సభల్లో సాయంత్రం ప్రదర్శనకు మధ్యాహ్నం తాళాలిస్తే అదే గొప్ప. నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: ఎల్‌ఈడీ గోడ అద్దె మానేసి ఆ డబ్బుతో హాలును ముందురోజు నుంచే తీసుకోండి. ఆ రోజంతా వేదికను నర్తకికి, మృదంగం వాయించేవారికి, కెమెరా సరిచేసే కుర్రాడికి వదిలేయండి. ముఖ్య అతిథులను మర్నాడు పిలవవచ్చు.