ఆయన ఉండగానే ఆ కాగితం బయటికి తీయండి

మిలట్రీలో చేసి వచ్చిన అన్నలారా! వాళ్ల కోసం ఇల్లు కనిపెట్టుకుని ఉన్న అక్కలారా, వదినలారా!

ఇంట్లో ట్రంకు పెట్టె ఉంది కదా. అందులో డిశ్చార్జి బుక్కుతో పాటు పీపీవో, అంటే పింఛను ఆర్డరు, ఉంటుంది. ఈ పూటే తీయండి. దాంట్లో భార్య పేరు, పుట్టిన తేదీ ఏమని ఉన్నాయో ఆమె ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

ఊళ్లో ఆమె లచ్చమ్మ. ఆధార్‌లో వెంకట లక్ష్మి. పీపీవోలో లక్ష్మీ దేవి! ఆ దేవి, ఉత్తరాది గుమాస్తా ఎవరో అలవాటు కొద్దీ తగిలించింది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పుట్టింటిది. పుట్టినరోజు తెలియని వాళ్లకు ఆధార్‌లో జనవరి 1 వేసేశారు. సెలవులో వచ్చి పెళ్లాడి, తిరిగి యూనిట్‌కు పోయాక పెళ్లిని రికార్డుల్లో ఎక్కించే పార్ట్-టూ ఆర్డరు చేయించని మహానుభావులూ ఉన్నారు. వాళ్ల భార్యల పేర్లు రికార్డుల్లోకే ఎక్కలేదు. ఆయన బతికున్నన్నాళ్లూ ఇవేవీ అడ్డం రావు, పింఛను నెలనెలా పడుతుంది. ఆయన పోయాక మాత్రం ఆ ముగ్గురు లక్ష్ములూ తానేనని రుజువు చేసుకోవాల్సింది ఆమె. అదీ ఆ దుఃఖంలో.

సైనికుడే అర్జీ మీద సంతకం పెట్టగలిగితే పని తేలిక. ఆధార్, పెళ్లి రుజువు, అఫిడవిట్టు జతచేసి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మీ రికార్డ్స్ ఆఫీసుకు పంపించాలి. ఈఎంఈ వాళ్లకు అది సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీకి నాసిక్, సిగ్నల్స్‌కు జబల్పూర్, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్. అక్కడ దిద్దాక ప్రయాగ్‌రాజ్‌లోని పింఛను ఆఫీసు సవరించిన పీపీవో ఇస్తుంది. నెలలు పట్టే పని. కాంటీన్ కార్డు గడువు ఒక్కరోజు దాటనివ్వని మనం దీన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తున్నాం!

ఆయన పోయిన ఇళ్లలో మరణాన్ని వెంటనే తెలియజేయండి. ఆయన పోయాక కూడా ఖాతాలో పడిన ఆయన పింఛను వెనక్కి లాగేసుకుంటారు, తీసి వాడుకుంటే అది బాకీ అవుతుంది. ఫ్యామిలీ పింఛను కరువు భత్యం కాక నెలకు 9,000 రూపాయలకు తగ్గదు. తల్లీ తండ్రీ ఇద్దరూ లేని ఇంట్లో దివ్యాంగుడైన కొడుకు ఉన్నా, వితంతువై పుట్టింట్లో ఉంటున్న కూతురు ఉన్నా, ఆదాయ షరతుకు లోబడి వాళ్లకూ హక్కు ఉంటుంది. అడగని వాళ్లకు ఎవరూ తెచ్చి ఇవ్వరు.

ఇక పదిహేనేళ్ల సర్వీసు నిండక ముందే ఇంటికి వచ్చేసి, పింఛను లేదని ఊరుకున్న పెద్దలు. హవల్దారు, అంతకంటే తక్కువ ర్యాంకులో చేసి, 65 ఏళ్లు దాటి, పింఛను లేని మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే నెలసరి సాయం 4,000 నుంచి 8,000 రూపాయలకు పెరిగింది. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన అర్జీలకు ఈ రేటు. ఆ ర్యాంకుల వాళ్లకే కూతురి పెళ్లికి ఇచ్చేది 50,000 నుంచి లక్షకు చేరింది, ఇద్దరు కూతుళ్ల వరకు. పిల్లల చదువుకు నెలకు 2,000. ఇంటర్‌లో 60 శాతం తెచ్చుకుని ఇంజనీరింగో మెడిసినో మొదటి ఏడాదిలో చేరిన పిల్లలు ఉంటే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ వేరే ఉంది: ఆడపిల్లలకు నెలకు 3,000, మగపిల్లలకు 2,500.

చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇక్కడ పని మీది. స్పర్శ్ అంటూ పింఛను అంతా కంప్యూటర్లోకి పోయింది. ఎనభై ఏళ్ల మామ్మకు పాస్‌వర్డ్ ఏం తెలుస్తుంది? ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వొచ్చు. స్పర్శ్‌లోకి మారిన వాళ్లకు మాత్రం పింఛను ఇచ్చే చోట బ్యాంకు పేరు నొక్కకండి, స్పర్శ్ అనే నొక్కండి. ఆ ఒక్క తప్పుకే పింఛన్లు ఆగిపోయాయి. ఓటీపీ వస్తే మామ్మ పక్కనే కూర్చుని కొట్టండి, బయటివాళ్లకు చెప్పనివ్వకండి. వచ్చే డబ్బులో పావలా వంతు ఇమ్మనే దళారీ గుమ్మంలోకి వస్తే అక్కణ్ణుంచే పంపేయండి. సంక్షేమ కార్యాలయంలో అర్జీ పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు.

ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటి నుంచి రచ్చబండ దగ్గర మేం కూర్చుంటాం. పీపీవో, డిశ్చార్జి బుక్కు, ఇద్దరి ఆధార్‌లు, బ్యాంకు పుస్తకం పట్టుకు రండి. ఏ కాగితం ఏమిటో తెలియకపోతే ట్రంకు పెట్టెలో ఉన్నదంతా సంచిలో వేసుకుని వచ్చేయండి, మేం వెతికి పెడతాం. నడవలేని వాళ్లుంటే కబురు చేయండి, ఇంటికే వస్తాం.

ఇట్లు,
ఊళ్లోని మాజీ సైనికులు