యంత్రపు మ్రోత తీర్పు కాదు

దూరదేశములందున్న బిడ్డలను జూచుటకై విమానమెక్కు తల్లిదండ్రులు నేడు మన జిల్లాలలో కొద్దిమంది కారు. విమానాశ్రయమున రక్షకభటుడు వారి సంచిపైనను చేతులపైనను చిన్న పీలికను రాచి యొక పెట్టెలో నుంచుట పాఠకులు చూచియే యుందురు. ఆ పెట్టె మ్రోగినచో చుట్టునున్నవారి చూపులన్నియు ఆ వృద్ధునిపైననే. ఆ మ్రోత కింత విలువ నీయవచ్చునా యనునదే మా ప్రశ్న.

ఇట్టి పెట్టెలలో పెక్కింటికి ఆధారమైన పద్ధతికి అయాన్ మొబిలిటీ స్పెక్ట్రోమెట్రీ యని పేరు. 1970లో కోహెన్, కారసెక్ అను శాస్త్రజ్ఞులు దీనిని వివరించిరి. పీలికను వేడిచేయగా దానికంటిన పదార్థ మావిరియగును. నికెలు-63 అను రేడియోధార్మిక లోహపు కిరణములచే గాలి విద్యుద్భరితమై, ఆ విద్యుత్తును ఆవిరి యణువులకు సంక్రమింపజేయును. అట్లేర్పడిన అయానులను విద్యుద్బల మొక గొట్టమున నడిపించును. లోన గాలి నిండియుండును. తిరునాళ్ల గుంపులో బక్కవాడు దూరిపోవును, మూటలవాడు వెనుకబడును గదా! ఇచటను చిన్నవి ముందు, పెద్దవి వెనుక గమ్యము చేరును. పరుగంతయు సెకనులో వేయవ వంతులు కొన్నింట ముగియును. శూన్యము కల్పింప బనిలేదు గనుక యంత్రము బల్లమీద నిముడును. వందకోట్ల పాళ్ల గాలిలో కొలది పాళ్లున్న ఆవిరినైనను పసిగట్టును. 1985 జూన్ 23న కనిష్క విమానమున ప్రేలిన బాంబునకు 329 మంది బలియైరి. కావున ఇట్టి యంత్రము వలదని మేమనము.

అయినను యంత్ర మెరిగినది పరుగుకాలము మాత్రమే. వేరొక పదార్థపు టయాను అదే వేళకు చేరినచో నది భ్రమపడును. అంతకంటె విచిత్రము మరొకటి కలదు. గుండెనొప్పికి నాలుకక్రింద నుంచుకొను నైట్రోగ్లిజరిన్ మాత్రయు, డైనమైటులోని ప్రేలుడు మందును ఒకే పదార్థము! యంత్ర మబద్ధమాడలేదు, పదార్థ మున్నది, నేరము లేదు. నైట్రేటు కలిసిన యెరువును చల్లివచ్చిన రైతు చేతులకును ఇదే గతి పట్టవచ్చును.

కావున మ్రోత వినబడగనే ప్రయాణికుని దోషిగా జూడక, ప్రక్కకు బిలిచి కూర్చుండబెట్టి, మందులేమి వాడుచున్నాడో అతని భాషలోనే యడిగి, వేరొక పద్ధతి గల యంత్రముతో మరల పరీక్షింపవలయును. ఈ క్రమమును తెలుగున వ్రాసి తనిఖీ స్థలమున గట్టుట అధికారుల కేమంత భారము? గుండెజబ్బుగల మన పెద్దలును వైద్యుని చీటిని సంచి యడుగున గాక జేబులో నుంచుకొనుట మంచిది.